క్రూగర్‌లో మన కారు, మన వంట: కుటుంబ సఫారీకి సాన్‌పార్క్స్ క్యాంపులు ఎలా ఉంటాయి

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కును కుటుంబంతో చూడటానికి రెండు పద్ధతులున్నాయి. పార్కు పడమటి అంచున సాబీ సాండ్, టింబవాటి లాంటి ప్రైవేటు రిజర్వుల్లో లాడ్జి తీసుకుంటే తిండి, జీపు, గైడు అన్నీ వాళ్లే చూసుకుంటారు. లేదా పార్కు లోపల ప్రభుత్వ సంస్థ సాన్‌పార్క్స్ నడిపే రెస్ట్ క్యాంపులో గది బుక్ చేసుకుని, అద్దె కారులో మనమే తిరగొచ్చు. ఈ సమీక్ష రెండో పద్ధతి గురించి. నలుగురైదుగురున్న తెలుగు కుటుంబానికి, అందులో శాకాహారులో పెద్దవాళ్లో ఉంటే, ఇదే మేలు. ఖర్చు తక్కువన్నది ఒక్కటే కారణం కాదు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో, ఏం తినాలో మన చేతిలో ఉంటుంది. అయితే క్యాంపు తప్పుగా ఎంచుకున్నా, గేటు వేళలు పట్టించుకోకపోయినా సెలవంతా కారు సీట్లోనే గడిచిపోతుంది.

పార్కు విస్తీర్ణం దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 360 కిలోమీటర్ల పొడవు. 1898లో సాబీ గేమ్ రిజర్వుగా మొదలై 1926లో నేషనల్ పార్కు అయింది. ఇంత దూరం వచ్చాం కదా, అంతా చూసేద్దామని రోజుకో క్యాంపు బుక్ చేసుకోవడం మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. తారురోడ్డు మీద గంటకు 50, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆగుతూ చూస్తూ వెళ్తే సగటున గంటకు 25 కిలోమీటర్లు కదులుతారు. స్కుకుజా నుంచి సతారాకు 90 కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఒక పూట మొత్తం. గది ఉదయం 10 గంటలకు ఖాళీ చేయాలి, కొత్త గది మధ్యాహ్నం 2 తర్వాత ఇస్తారు. రోజూ క్యాంపు మారితే జంతువులు బాగా తిరిగే ఉదయం వేళ సామాను సర్దుకోవడానికే పోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు దక్షిణ భాగంలో రెండు క్యాంపులు, ఒక్కోదానిలో మూడు రాత్రులు పెట్టుకుంటే చాలు. ఉత్తరాన ఉన్న మోపానీ, షింగ్వెడ్జీ, పుండా మారియా ప్రశాంతంగా ఉంటాయి, పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మంచివి. పిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం జంతువుకూ జంతువుకూ మధ్య దూరం ఎక్కువ.

లోయర్ సాబీకి మా మొదటి ఓటు. సాబీ నది ఒడ్డునే ఉంటుంది. రెస్టారెంటు బయటి చెక్క వరండాలో కూర్చుంటే నీళ్లలో హిప్పోలు, అవతలి ఒడ్డున ఏనుగులు కనిపిస్తాయి. కారు ఎక్కనని మొండికేసే పిల్లలకూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ ఇది చాలా ఉపయోగం. గేటు నుంచి కిలోమీటరు దూరంలో సన్‌సెట్ డ్యామ్ ఉంది. సాయంత్రం గేటు మూసే ముందు చివరి అరగంట అక్కడ ఇంజిన్ ఆపుకుని కూర్చోవచ్చు, క్యాంపుకు ఐదు నిమిషాల్లో చేరిపోతారు. లోపమల్లా గదులు దొరక్కపోవడం. బుకింగ్ 11 నెలల ముందు తెరుచుకుంటుంది, నది కనిపించే గదులు త్వరగా అయిపోతాయి.

స్కుకుజా అన్నింటికన్నా పెద్ద క్యాంపు. దుకాణం, పెట్రోలు బంకు, డాక్టరు, దగ్గర్లో విమానాశ్రయం అన్నీ ఉన్నాయి. అందుకే చిన్న ఊరిలా కిక్కిరిసి ఉంటుంది, అడవిలో ఉన్నామన్న భావన తక్కువ. ఏడాదిన్నర పాపతోనో, మందులు వాడే నాన్నగారితోనో వెళ్తుంటే మాత్రం ఆ రద్దీని భరించవచ్చు. అక్కడి నుంచి లోయర్ సాబీకి నది వెంట వెళ్లే హెచ్4-1 రోడ్డు 45 కిలోమీటర్లకు కాస్త పైన. చిరుతపులికి పేరున్న దారి. అందుకే అక్కడ కార్ల జామ్ కూడా ఎక్కువే. ఏదైనా కొమ్మ మీద తోక వేలాడుతోందని తెలిస్తే ముప్పై కార్లు అడ్డదిడ్డంగా ఆగిపోతాయి. క్యాంపుకు దగ్గరలోని లేక్ పానిక్ దగ్గర కారు దిగి చాటుగా కట్టిన చెక్క గదిలో కూర్చుని పక్షుల్నీ, హిప్పోల్నీ చూడొచ్చు. రోజంతా కారులోనే ఉన్న పిల్లలకు ఈ గంట పెద్ద ఊరట.

సింహాలే కావాలంటే సతారా. చుట్టూ గడ్డి మైదానం. జీబ్రాలు, వైల్డెబీస్టులు అక్కడ ఎక్కువ, వాటి వెనకే సింహాలు. తూర్పుగా వెళ్లే ఎస్100 మట్టిరోడ్డులో గేటు తెరిచిన వెంటనే మొదటి గంట గడపాలి. ఎనిమిది దాటాక అదే రోడ్డు ఖాళీగా కనిపించొచ్చు. క్యాంపు మాత్రం చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. నది లేదు, గుండ్రటి గుడిసెలు వరుసగా ఉంటాయి. బెర్గ్-ఎన్-డాల్ కొండల మధ్య ఉంటుంది, ఈత కొలను ఉంది, కంచె లోపలి వైపు నడక దారి ఉంది. మలలేన్ గేటుకు దగ్గర కాబట్టి జొహానెస్‌బర్గ్ నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్లు మొదటి రాత్రికి ఎంచుకోవచ్చు. ఒలిఫాంట్స్ క్యాంపు నది మీది ఎత్తైన కొండ అంచున ఉంది. దృశ్యానికి ఐదుకు ఐదు మార్కులు, కానీ పరిగెత్తే చిన్నపిల్లలుంటే వాళ్లను ఒక కంట కనిపెట్టాలి.

గది బుక్ చేసేటప్పుడు వర్ణనను ఒక్కో మాటా చదవండి. కొన్ని బంగళాల్లో పూర్తి వంటగది ఉంటుంది. కొన్నింటికి వంట గట్టు, ఫ్రిజ్ వరండాలో ఉంటాయి. కొన్నింటిలో ఫ్రిజ్ తప్ప గిన్నె కూడా ఉండదు. చవకగా కనిపించే గుడిసెల్లో చాలావాటికి బాత్రూమ్ బయట అందరికీ కలిపి ఉంటుంది. రాత్రి రెండు గంటలకు పిల్లాడిని తీసుకుని టార్చి పట్టుకుని నడవాలంటే అమ్మలకు నచ్చదు. ఇద్దరు పిల్లలు, తాత, నానమ్మలు ఉన్న ఇంటికి రెండు పడకగదుల ఫ్యామిలీ కాటేజీ సరైనది. రెండు చిన్న బంగళాలు విడివిడిగా తీసుకుంటే పక్కపక్కనే ఇస్తారన్న హామీ లేదు. గదులు శుభ్రంగానే ఉంటాయి, దుప్పట్లు, తువ్వాళ్లు ఇస్తారు, ఏసీ లేదా ఫ్యాను ఉంటుంది. సామాన్లు మాత్రం పాతవి. పరుపు కుంగినట్టో, కుళాయి కారుతున్నట్టో అనిపిస్తే మొదటి గంటలోనే రిసెప్షన్‌లో చెప్పండి. రాత్రి చెబితే పొద్దున్నే చూస్తామంటారు. వసతికి మార్కులు ఐదుకు మూడున్నర.

ఇక తిండి. క్యాంపు రెస్టారెంట్లు ఈ యాత్రలో బలహీనమైన భాగం. బర్గర్లు, స్టేకులు, చిప్స్, గుడ్లు, కాఫీ దొరుకుతాయి. శాకాహారికి సలాడో, చీజ్ శాండ్‌విచ్చో మిగులుతుంది. రద్దీ రోజున ఆర్డరు రావడానికి ముప్పావుగంట పట్టినా ఆశ్చర్యపోవద్దు. అందుకే వంటగది ఉన్న గదే తీసుకోవాలి. క్యాంపు దుకాణాల్లో మాంసం, బ్రెడ్, పాలు, గుడ్లు, కట్టెలు బాగానే ఉంటాయి కానీ కూరగాయలు తక్కువ, ఉన్నా వాడిపోయి ఉంటాయి. లోపలికి వెళ్లే ముందు మ్బొంబేలా, మలలేన్, కొమాటిపోర్ట్ పట్టణాల్లోని సూపర్ మార్కెట్‌లో బియ్యం, ఉల్లి, టమాటా, బంగాళాదుంప, పెరుగు కొనేయండి. దక్షిణాఫ్రికాలో భారత సంతతి వాళ్లు ఎక్కువ. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు మద్రాసు రేవు మీదుగా వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులూ వాళ్లలో ఉన్నారు. కాబట్టి పప్పులు, పసుపు, కారం పెద్ద నగరాల్లో సులభంగానే దొరుకుతాయి. జొహానెస్‌బర్గ్‌లో దిగినవాళ్లు అక్కడే కొనుక్కోవడం మంచిది. ఇంటి నుంచి తేవాల్సింది రెండు లీటర్ల కుక్కరు. గదుల్లో కరెంటు పొయ్యి నిదానంగా కాలుతుంది, కుక్కరు లేకపోతే పప్పు ఉడకదు. కందిపొడి, పులిహోర పేస్టు, ఊరగాయ గట్టిగా మూత బిగించి చెకిన్ సామానులో పెట్టండి. తేనె, మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లొద్దు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు.

ప్లగ్గు విషయంలో మనకో సౌలభ్యం ఉంది. అక్కడి మూడు లావు గుండ్రటి పుల్లల సాకెట్టు మన ఇళ్లలో గీజరుకూ ఏసీకీ వాడే 16 యాంపుల సాకెట్టు లాంటిదే. ఊళ్లో ఎలక్ట్రికల్ షాపులో దొరికే 6 నుంచి 16 యాంపుల కన్వర్షన్ ప్లగ్గు రెండు కొనుక్కుంటే సరిపోతుంది. విమానాశ్రయంలో ఖరీదైన ట్రావెల్ అడాప్టరు కొనేవాళ్లు జాగ్రత్త, వాటిలో చాలావాటికి ఈ లావు పుల్లలే ఉండవు.

వరండాలో ఫ్రిజ్ ఉంటే దానికి ఇనుప జాలీయో గొళ్లెమో ఉంటుంది. అది అలంకారం కాదు. కోతులు, బబూన్లు ఫ్రిజ్ తలుపు తీయడం ఎప్పుడో నేర్చాయి. రాత్రిపూట హనీ బ్యాడ్జర్ అనే చిన్న జంతువు చెత్తబుట్టలు తిరగేస్తుంది. వంట అయ్యాక ఒక్క ఉల్లిపాయ కూడా బయట వదలొద్దు. న్కుహ్లూ, అఫ్సాల్ పిక్నిక్ స్థలాల్లో పిల్లల చేతిలో అరటిపండు పెట్టి పక్కకు తిరిగితే చాలు, పండు పోయినట్టే.

ఏ నెలలో వెళ్లాలన్న దగ్గర మన బడి సెలవులు బాగా కలిసొస్తాయి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఆంధ్ర, తెలంగాణల్లో వేసవి సెలవులు. అక్కడ అప్పుడు వానలు ఆగి చలికాలం మొదలవుతుంది. మే నెల రెండో సగం మా ఎంపిక. గడ్డి ఎండుతూ ఉంటుంది, జంతువులు నీటి దగ్గరకు రావడం మొదలవుతుంది, పగలు హాయిగా ఉంటుంది. పైగా దక్షిణాఫ్రికా వాళ్ల బడి సెలవులు జూన్ చివర్లో గానీ రావు. దసరా సెలవులకు వెళ్తే పొడి కాలం చివర, నీటి గుంటల చుట్టూ జంతువులు గుమిగూడతాయి కానీ ఎండ మండిపోతుంది. సంక్రాంతికి వెళ్తే వానలు, నిలువెత్తు గడ్డి, దాని వెనక ఏముందో కనిపించదు. పల్లపు వంతెనలు నీట మునిగి రోడ్లు మూసేయడమూ ఉంటుంది. ఇంపాలా జింక పిల్లల్ని, వలస పక్షుల్ని చూడాలనుకునేవాళ్లకు మాత్రం అదే సమయం.

మే నుంచి జులై దాకా గేట్లు ఉదయం 6 గంటలకు తెరిచి సాయంత్రం 5:30కు మూస్తారు. నవంబరు నుంచి జనవరి దాకా క్యాంపు గేటు 4:30కే తెరుస్తారు, 6:30కు మూస్తారు. ఆలస్యమైతే జరిమానా. బతిమాలితే వదిలేసే చోటు కాదు. ఇంకో చిక్కు ఏమిటంటే, పార్కు ప్రవేశ ద్వారం దగ్గరకు ఐదింటికి చేరి "ఇంకా అరగంట ఉంది కదా" అంటే కుదరదు. అక్కడి నుంచి మీ క్యాంపుకు చేరే సమయం కూడా ఉండాలి. క్రోకడైల్ బ్రిడ్జ్ గేటు నుంచి లోయర్ సాబీకి 35 కిలోమీటర్లలోపే అయినా గంటన్నర లెక్క వేసుకోండి. జొహానెస్‌బర్గ్ విమానాశ్రయం నుంచి ఎన్4 రహదారి మీద మలలేన్ గేటుకు ఐదు గంటలు పడుతుంది, దారిలో టోల్ గేట్లున్నాయి. ఉదయం 8 లోపు విమానం దిగకపోతే ఆ రాత్రి మ్బొంబేలాలో ఆగి మర్నాడు పార్కులోకి వెళ్లడం తెలివైన పని.

ప్రవేశ రుసుము గదికి అదనం. విదేశీ పెద్దవాళ్లకు రోజుకు 600 రాండ్ల పైన, 2 నుంచి 11 ఏళ్ల పిల్లలకు దాదాపు సగం. ఏటా నవంబరులో పెంచుతారు. రాండు సుమారు ఐదు రూపాయలు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు రోజుకు 1,800 రాండ్లు, అంటే తొమ్మిది వేల రూపాయల దాకా. ఆరు రోజులుంటే ఈ ఒక్క పద్దే యాభై వేలు దాటుతుంది. ఏడాది చెల్లే ప్రవేశ పాసు వైల్డ్ కార్డ్ కుటుంబ ధరను దీనితో పోల్చి చూసి, ఏది తక్కువైతే అది కొనండి. చాలామంది ఈ పద్దును బడ్జెట్‌లో రాసుకోవడం మరిచిపోయి గేటు దగ్గర తెల్లబోతారు.

కారు విషయంలో ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు. ప్రధాన రోడ్లు తారు, మట్టిరోడ్లు మామూలు కారుకు సరిపోతాయి. డబ్బు పెట్టాల్సింది సీటు ఎత్తు మీద. చిన్న కారులో వెనక కూర్చున్న పిల్లలకు గడ్డి తప్ప ఏమీ కనిపించదు. ఫార్చ్యూనర్ లాంటి ఎత్తైన బండిలో అదే రోడ్డు వేరేలా ఉంటుంది. ఏడు సీట్ల బండిలో ఏడుగురు ఎక్కితే డిక్కీలో సూట్‌కేసులకు చోటుండదు, మూడో వరుస వాళ్లకు కిటికీ తెరుచుకోదు. ఆరుగురికి మించితే రెండు కార్లే నయం. అక్కడా ఎడమ వైపే నడపాలి, స్టీరింగు కుడి వైపే, మనకు కొత్తేమీ కాదు. ఇంగ్లిషులో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది, అయినా అద్దె కంపెనీలు అంతర్జాతీయ పర్మిట్ అడుగుతాయి కాబట్టి మన ఆర్టీఏ ఆఫీసులో తీసుకెళ్లండి. డిపాజిట్ కోసం నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. భార్య కార్డు, భర్త లైసెన్సు అంటే తాళాలివ్వరు. బీమా కాగితంలో టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం ఉన్నాయో లేదో చూడండి. మట్టిరోడ్డు మీద దెబ్బతినేవి అవే, మామూలు బీమాలో చాలాసార్లు లేనివీ అవే. స్టెప్నీ, జాకీ ఉన్నాయో తాళాలు తీసుకునేటప్పుడే డిక్కీ తెరిచి చూసుకోండి. మూడేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీటు అక్కడి చట్టం.

జంతువుల్ని ఎలా చూడాలన్నది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "నాలుగు గంటలు తిరిగాం, ఇంపాలాలు తప్ప ఏమీ లేవు" అనే రివ్యూలు చాలావరకు దీని వల్లే. గంటకు 20 నుంచి 25 కిలోమీటర్ల మధ్య నడపండి. సింహం కోసం సింహాన్ని వెతకొద్దు. జిరాఫీలన్నీ ఒకే వైపు కదలకుండా చూస్తున్నాయా, ఇంపాలాలు ముక్కుతో బుసకొడుతూ ఒక పొద వైపు తిరిగి నిలబడ్డాయా, రాబందులు ఒకే చెట్టు మీద గుంపుగా దిగాయా చూడండి. చిరుత కోసం నది ఒడ్డు పెద్ద చెట్లలో అడ్డంగా సాగిన కొమ్మలు చూడాలి. నీటి గుంట దగ్గర కారు ఆపి, ఇంజిన్ కట్టేసి ముప్పై నిమిషాలు కూర్చుంటే ఇరవై కిలోమీటర్లు తిరిగినదానికన్నా ఎక్కువ కనిపిస్తాయి. ప్రతి క్యాంపులో పటం ఉన్న బోర్డు మీద ఆ రోజు, ముందు రోజు ఏది ఎక్కడ కనిపించిందో రంగు బిళ్లలతో గుర్తు పెడతారు. రాత్రి అన్నం తిన్నాక పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తే మర్నాటి దారి వాళ్లే చెబుతారు. ఖడ్గమృగాల చోట్లు మాత్రం ఎక్కడా రాయరు, వేటగాళ్ల భయం. మీరు కూడా ఫొటోను లొకేషన్‌తో పెట్టకండి. బైనాక్యులర్స్ 8x42 ఒకటి చాలదు, ఇద్దరికొకటి ఉండాలి. లేకపోతే కారులో గొడవే.

కారు దిగడానికి క్యాంపులు, పిక్నిక్ స్థలాలు, బోర్డు పెట్టిన కొన్ని చోట్లు తప్ప వీల్లేదు. కిటికీలోంచి తల, చేయి బయట పెట్టినా, సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టినా తప్పే. చిన్నపిల్లలకు రెండున్నర గంటలకోసారి మరుగుదొడ్డి వచ్చేలా దారి వేసుకోండి. పొద్దున్నే నిండుగా కాఫీ తాగించి బయల్దేరితే మధ్యలో ఇబ్బంది పడేది మీరే.

భయపడాల్సింది సింహానికి కాదు, ఏనుగుకు. మదమెక్కిన మగ ఏనుగు కణతల నుంచి జిడ్డు కారుతుంది, వెనక కాళ్ల మధ్య మూత్రం బొట్లు పడుతూ ఉంటుంది, తల ఎత్తి నడుస్తుంది. అలాంటిది రోడ్డు మీద ఎదురొస్తే హారన్ కొట్టకుండా, ఇంజిన్ గట్టిగా రేపకుండా నెమ్మదిగా వెనక్కి వెళ్లాలి, అవసరమైతే కిలోమీటరైనా. తల్లికీ గున్నకూ మధ్య కారు పెట్టడం, గుంపు దాటుతుంటే సందు చూసి దూరడం కార్లు నుజ్జయ్యే రెండు సాధారణ కారణాలు. ముందు కారుకు ఆనించి ఆపొద్దు, వెనక్కి తిరిగే చోటు ఎప్పుడూ ఉంచుకోవాలి.

క్యాంపు వాళ్ల గైడెడ్ డ్రైవ్‌లలో ఉదయం డ్రైవ్, రాత్రి డ్రైవ్ డబ్బుకు తగినవి. ఉదయం డ్రైవ్ గేటు తెరవకముందే బయటికి వెళ్తుంది కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంటుంది. రాత్రి డ్రైవ్‌లో దుమ్ములగొండి, పునుగుపిల్లి లాంటి జెనెట్, ఒడ్డెక్కి మేసే హిప్పో కనిపిస్తాయి, అవి మన కారులో కుదరవు. సాయంత్రం డ్రైవ్ మాత్రం సగం వరకు మనం సొంతంగా చూసేదే. ఒక్కోటి దాదాపు మూడు గంటలు. ఆరేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకోరు, కాబట్టి ఒకరు గదిలో ఉండాలి. అడవిలో నడకకు 12 ఏళ్లు నిండాలి, 65 దాటిన వాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. మే, జూన్‌లలో తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది, తెరిచి ఉన్న బండిలో గాలికి ఇంకా చలి. మంకీ క్యాప్ గురించి పిల్లలు నవ్వినా పట్టుకెళ్లండి.

క్రూగర్ మలేరియా ప్రాంతం. పొడి చలికాలంలో ముప్పు తక్కువ, వానల్లో ఎక్కువ. నెల ముందే పిల్లల డాక్టరును అడిగి మందు నిర్ణయించుకోండి, సాయంత్రం నుంచి పూర్తి చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి. విమానం గల్ఫ్ మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా గొడవ లేదు. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్లి అక్కడ ఆగితే టీకా పత్రం దగ్గర పెట్టుకోవడం క్షేమం. టీకా వేసుకున్న పది రోజులకు గానీ చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వీసా దరఖాస్తుకు పిల్లల జనన ధృవీకరణ పత్రం కావాలి, తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం కూడా.

ప్రైవేటు లాడ్జి ఎవరికి నప్పుతుందంటే, సెలవు రెండు మూడు రోజులే ఉండి, పిల్లలు పెద్దవాళ్లై, చిరుతను దగ్గరగా చూడటమే లక్ష్యమైనవాళ్లకు. అక్కడి గైడ్లు రోడ్డు వదిలి పొదల్లోకి బండి దింపుతారు, రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు, ఒక జంతువు దగ్గర కొన్ని బండ్లే ఉంటాయి. పార్కుకూ వాటికీ మధ్య కంచె లేదు కాబట్టి జంతువులు అవే. బుక్ చేసే ముందు వయసు నిబంధన అడగండి, కొన్ని చోట్ల ఆరేళ్లు, కొన్ని చోట్ల పన్నెండు. వీలైతే నాలుగు రాత్రులు క్యాంపులో, చివరి రాత్రులు లాడ్జిలో పెట్టుకోండి. ముందు లాడ్జికి వెళ్తే తర్వాత క్యాంపు పరుపు అందరికీ గుచ్చుకుంటుంది.

తిరుగు రోజున పదింటికి గది వదిలి దారిలో చూసుకుంటూ గేటు దాటేసరికి మధ్యాహ్నం అవుతుంది. బయటికి వెళ్లే గేటు దగ్గర పర్మిట్ కాగితం అడుగుతారు, డిక్కీ తెరిపించవచ్చు. ఆ కాగితాన్ని చిత్తుకాగితాల్లో పారేయకండి. చీకటి పడ్డాక ఆ రహదారుల మీద నడపడం మంచిది కాదు, రాత్రి 9 తర్వాతి విమానానికే టికెట్ తీసుకోండి. కారు అప్పగించే ముందు పెట్రోలు నింపి, దుమ్ము కడిగించి, నాలుగు వైపులా, నాలుగు టైర్లకూ ఫొటోలు తీసి పెట్టుకోండి.